బొంత కింది చరిత్ర

మా ఇండ్లల్ల సంవత్సరం ఉగాదితోని మొదలుకాలేదు, మొహర్రంతోని కూడా మొదలుకాలేదు. దీపావళి ఎల్లినంక మొదటి సలిగాలి తగిలిన రోజు మొదలయ్యేది. ఆ రోజు అటక మీది విల్లు కిందికి దిగేది. నాయిన నరం సరిచూసేది. ఎండాకాలమంత ఎలుకలు కొరికిన గోనెపట్టాను అవ్వ వాకిట్ల దులిపేది. ఇగ శివరాత్రికి సలి తిరుగుముఖం పట్టేదాక మాకు పనే పని. మిగిలిన నెలలు కైకిలి, మామిడికాయల బేరం, పాత సామాన్లు, ఏది దొరికితే అది. అందుకే ఊరంత సలికి ముడుచుకునే రోజుల్ల మేం కాళ్లు బార్లజాపుకొని బతికినం. ఊరికి సలి పెడితేనే మాకు బువ్వ.

ఊరి పేరు రాసేటప్పుడు హుస్నాబాద్, పిలిచేటప్పుడు ఉస్నాబాద్. హుస్న్ అంటే అందం, ఆబాద్ అంటే మనుషులు నిలిచి బతికే చోటు. ఆ అర్థం మా ఇండ్లల్ల చానమందికి తెల్వదు, ఎందుకంటే మాకు ఉర్దూ రాదు. అవ్వను అవ్వనే అన్నం గానీ అమ్మీ అనలే. నాయినను నాయిననే అన్నం గానీ అబ్బా అనలే. పెండ్లికి ఖాజీ వస్తడు, పోతే కబరస్తాన్ల పెడతరు, నడుమ బతుకంత తెలుగుల నడుస్తది. 2016 దాక మాది కరీంనగర్ జిల్లా. ఆ ఏడు అక్టోబర్‌ల జిల్లాలు విడగొట్టినప్పుడు సిద్దిపేటల కలిపిండ్రు. మేం దూది ఏకబోయిన ఊర్లు కొన్ని ఒక జిల్లాకు, కొన్ని ఇంకో జిల్లాకు పోయినయి. కోహెడ, అక్కన్నపేట ఇటు, చిగురుమామిడి, సైదాపూర్ అటు, భీమదేవరపల్లి ఇంకోదిక్కు. మా కాళ్లకు మాత్రం అదంతా ఒకటే తొవ్వ.

మమ్మల్ని ఏమని పిలవాల్నో ఊరికి ఎన్నడూ ఖాయం కాలేదు. దూదేకులోళ్లు అన్నరు. పింజారోళ్లు అన్నరు. కోపమొస్తే దాన్నే తిట్టు జేసిండ్రు. కాయితాల మీద లద్దాఫ్, నూర్‌బాష్ అని కూడ రాస్తరు. ఈ లద్దాఫ్ అనే మాట అరబ్బీల నద్దాఫ్ నుంచి వచ్చింది, దూది ఏకెటోడని దాని అర్థం. పింజ అనేది మన తెలుగు మాటే, దూది పింజ. అంటే అరబ్బీల పిలిచినా తెలుగుల పిలిచినా మా పేరు మా పనే. ఇండ్ల పేర్లు, ఖాందాన్లు, షజ్రాలు మాకు లేవు. పెద్దింటి ముస్లింలు తాతల తాతల పేర్లు జెప్పి బుఖారాకో మదీనాకో ముడేస్తుంటే మేం మాట్లాడకుండ కూసున్నం. 1909ల ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు అచ్చేసిండు. అందుల మేమున్నం. తెల్లదొర మా గురించి రాసింది మేం చదువుకోవడానికి ఎనభై తొంభై ఏండ్లు పట్టింది.

అయితే మా పేరున్న మనిషి ఒకడు లోకమంత తెలిసినోడు ఉన్నడు. మన్సూర్ అల్ హల్లాజ్. క్రీస్తుశకం 922ల బాగ్దాద్‌ల ఉరికంబం ఎక్కించి, చేతులు కాళ్లు నరికి చంపిన సూఫీ. హల్లాజ్ అంటే దూదిని ఏకి శుభ్రంజేసెటోడు. ఉత్తరాదిల దూది ఏకే ధునియాలు, బెహనాలు ఆయన పేరు మీదనే మన్సూరీలమని చెప్పుకుంటరు. ఇటు తెలుగు దేశంల పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య. ఆయన పేరు ముందు దూదేకుల అనే మాట ఇప్పటికీ ఊడలేదు. ఒకరు మతం లోపల ఉండి అధికారాన్ని కాదన్నడు, ఇంకొకరు మతం గోడ దాటి గురువును వెతుక్కున్నడు. దూది ఏకే చేతులకు తత్వం ఎందుకు అంటుకుంటదో మాకు తెల్వదు. రోజంత ఒకటే సప్పుడు వినుకుంట ఒంటరిగ కూసునే పని గదా, బుద్ధి ఎటో పోతదని మా పెద్దలు నవ్వుకుంట అనేది.

ఆ సప్పుడు గురించి చెప్పాలె. విల్లు అంటే రాముని విల్లు కాదు. దానికి బాణం ఉండదు. మనిషంత పొడుగు కట్టె, ఒక కొసకు వెడల్పు పలక, ఆ కొస నుంచి ఈ కొసకు బిర్రుగ లాగికట్టిన నరం. దూరం నుంచి చూసినోళ్లు వీణ అనుకున్నరు. దాన్ని దూలానికి తాడేసి వేలాడదీసి, ఎడమచేత పట్టుకొని, కుడిచేతిల రెండు దిక్కుల గుండ్లున్న కట్టెతోని నరాన్ని కొడితే, అది దూది కుప్పల మునిగి లేస్తది. ఆ అదురుకు గడ్డకట్టిన దూది పింజ పింజ విడిపోతది. మన్ను, గింజ తునకలు, ఆకుపొట్టు కిందికి రాలుతయి. దూది పైకి లేస్తది. టయ్యి టయ్యిమని ఆ సప్పుడు వినబడితే వాడకట్టు పిల్లలంత ఉరికొచ్చి దూదిల దుంకేది. వాళ్లను ఎళ్లగొట్టుడే సగం పని.

ఈ విల్లు ఎక్కడిదనేదాని మీద పెద్ద పెద్ద చరిత్రకారులు వాదులాడుకున్నరు. ఇర్ఫాన్ హబీబ్ రాట్నం గురించి రాస్తూ, మన దేశంల దాని మొదటి స్పష్టమైన ప్రస్తావన 1350ల ఇసామీ రాసిన ఫుతూహ్ ఉస్ సలాతీన్‌ల ఉందన్నడు. ఆ పుస్తకం తయారైంది ఢిల్లీల కాదు, మన దక్కన్‌ల, బహమనీ సుల్తాన్ నీడల. ఇసామీ రాట్నం ఊసెత్తింది ఎందుకంటే రజియా సుల్తానాను తిట్టడానికి. ఆడది గద్దె మీద కాదు, రాట్నం ముందట కూసోవాలని ఆయన బాధ. చూడుండ్రి, మా పనిముట్టు చరిత్రలకు వచ్చిందే ఒక ఆడమనిషిని కూసోబెట్టడానికి! దూది ఏకే విల్లు కూడ మధ్యయుగాల్లనే దేశమంత పాకిందని హబీబ్ వాదన. అంతకుముందు నుంచే ఉందనెటోళ్లూ ఉన్నరు. ఎవరిది నిజమైనా ఒకటి మాత్రం ఖాయం. గుర్రాలెక్కి వచ్చినోళ్ల చరిత్ర వేరు, విల్లు భుజానేసుకొని నడిచినోళ్ల చరిత్ర వేరు. రెండిటినీ ఒకటే సంచిల కట్టి మా నెత్తిన పెట్టిండ్రు.

గాంధీ ఆత్మకథల కూడ మావోడొకడు కనబడతడు. సబర్మతి ఆశ్రమంల రాట్నాలు నడపాలంటే ఏకులు కావాలె, ఏకులకు దూది ఏకెటోడు కావాలె. గంగాబెన్ వెతికి ఒకరిని తెస్తే, ఆయన నెలకు 35 రూపాయలు తక్కువ కాకుండ అడిగిండట. ఆ కాలంల అది చిన్న జీతం కాదు. ఎంతైనా ఎక్కువ కాదనుకొని గాంధీ ఒప్పుకున్నడు. ఖద్దరు చరిత్రల నూలు వడికినోళ్ల ఫోటోలున్నయి, నేసినోళ్ల ఫోటోలున్నయి. ఆ 35 రూపాయలాయన పేరు మాత్రం ఆ పుస్తకంల లేదు. ఆయన బేరం మాత్రం మాకు బాగ నచ్చింది.

సలికాలం మా ఇంట్ల రోజు ఎట్ల నడిచేదో చెప్తం. తెల్లారగట్ల మొగోళ్లు విల్లు భుజానేసుకొని ఊర్ల మీదికి పోయేది. పొద్దెక్కినంక ఆడోళ్లు వాకిట్ల ఎండపొడకు బొంతలు పరిచేది. ఇంటి మీదికి వచ్చిన పని ఇంట్లనే జరిగేది. పాత పరుపు విప్పుడు, గలీబు ఉతుకుడు, మొగోళ్లు ఏకిన దూదిని గుడ్డ మీద సమంగ పరుచుడు, కొసలు మడిచి కుట్టుడు. ఒక రజాయికి రెండు కిలోల దూది పడుతది, పెద్ద పరుపుకు పది పన్నెండు కిలోలు. దూది జమ్మికుంట నుంచి వచ్చేది. అక్కడి పత్తి మార్కెట్ మా దిక్కున పేరున్నది. పరిచిన దూది జరగకుండ రజాయికి అడ్డం పొడుగు కుట్లు వేస్తరు. దబ్బనం ఎక్కించుడు, బొటనవేలుతోని నొక్కుడు, అవతల తీసుడు. పొద్దుగూకెవరకు వేలి కొస మొద్దుబారేది. ఏకేది మొగోళ్లు, కుట్టేది ఆడోళ్లు. కూలి మాత్రం ఏకినోని పేరు మీదనే ఇచ్చిండ్రు. ఈ ముచ్చట మా మొగోళ్లకు నచ్చదు గానీ రాయక తప్పదు.

రజాయి అమ్మకానికి. బొంత ఇంటికి. బొంతకు దూది అక్కర్లేదు. అరిగిపోయిన చీరెలు, చినిగిన లుంగీలు, ధోతులు ఉతికి ఆరేసి, నాలుగైదు వరుసలు పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టుకుంట కుట్టుకొస్తరు. మెత్తగ అయిన గుడ్డ లోపలికి, రంగున్నది పైకి. అవ్వ చేతి బొంతల పెద్దమ్మ పెండ్లి చీరె ముక్క, పక్కింటి గౌండ్లామె ఇచ్చిన చీరె, నాయిన కుర్తా చేయి అన్నీ ఉండేది. బంగాళంల ఇదే పనిని కాంథా అని మ్యూజియంల అద్దాల వెనుక పెట్టిండ్రు. కర్ణాటకల ఉత్తర కన్నడ అడవుల ఉండే సిద్దీలు, ఆఫ్రికా నుంచి బానిసలుగ వచ్చినోళ్ల వారసులు, వాళ్ల ఆడోళ్లు కుట్టే కవండి కూడ ఇదే. అంచు నుంచి లోపలికే కుడతరు. నాలుగు మూలలకు మూడు మూలల ముక్కలు మడిచి పువ్వుల తీర్గ పెట్టందే దాన్ని పూర్తయిందనరు. వాళ్లల్ల ముస్లింలున్నరు, హిందువులున్నరు, క్రైస్తవులున్నరు. బొంత ఒకటే. మేం బొమ్మల్ల చూసినప్పుడు మా అవ్వ చేతిపని అక్కడెట్ల పోయిందనిపించింది. మన దగ్గర మాత్రం బొంత అంటే ఇప్పటికీ బిచ్చపోని మూటే.

ఏకిన ఇంట్ల గాలంత దూదే. కూరల దూది, కంటిరెప్పల మీద దూది, కక్కితే దూది. నలభై దాటెవరకు మా మొగోళ్లకు ఆయాసం మొదలయ్యేది. సలికి దగ్గు అనుకున్నరు, బీడీ మానుమన్నరు. దూది దుమ్ముతోని ఊపిరితిత్తులు చెడిపోయే ఆ జబ్బుకు డాక్టర్లు బిసినోసిస్ అనే పేరు పెట్టిండ్రు. పనివల్ల వచ్చే రోగాలకు నష్టపరిహారం ఇచ్చే చట్టంల అది ఉంది కూడ. అయితే పరిహారం యజమాని ఇయ్యాలె. ఊరూరు తిరిగి ఏకెటోనికి యజమాని ఎవరు? పరుపు మీద పండుకున్నోడా, రజాయి కప్పుకున్నోడా?

ఆడోళ్లకు ఎళ్లిపోవుడు అంటే మూడు నాలుగు చోట్లకే. ఎల్లమ్మ చెరువుకు గుడ్డలు ఉతకబోవుడు మొదటిది. పాత బొంతలు నానితే రాయి తీర్గ బరువైతయి, ఇద్దరు పిండాలె. ఆ పేరు మీద నలుగురు కలిసి పొద్దంత చెరువుకాడ గడిపేది. పుట్టింటి ముచ్చట్లు, అత్తల ముచ్చట్లు అన్నీ అక్కడనే. రెండోది సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రుని జాతర. మేం మొక్కుకు పోలేదని అంటే అబద్ధమైతది. మొక్కుకూ పోయినం, మెత్తలు అమ్ముకోడానికీ పోయినం. బండ్లు కట్టుకొని వచ్చిన రైతులు రాత్రి సలికి వణికి, తెల్లారి మా దగ్గర మెత్తో రజాయో కొనేది. గుమ్మడికాయలు మోసుకొచ్చెటోళ్ల నడుమ మేం దూది మూటలు మోసినం. ఎవరూ ఎందుకొచ్చిండ్రని అడగలే.

ఇంకోటి కాజీపేట దర్గా. అఫ్జల్ బియాబానీ ఉర్సు సఫర్ నెలల వస్తది. సఫర్ ఒక్కకాడ నిలిచే నెల కాదు. చంద్రుని లెక్కల ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ఎనుకకు జరుగుతది. 1978 నుంచి 1980 దాక ఉర్సు జనవరి, ఫిబ్రవరిలల్ల పడ్డది. ఆ మూడేండ్లు దర్గాకు మొక్కు తీర్చను పోయినోళ్లు రజాయిలు కూడ అమ్ముకొచ్చిండ్రు. అంతకు కొంచెం ముందు పీర్లు సలికాలంల లేచినయి. 1977ల మొహర్రం పదో రోజు డిసెంబర్ మూడో వారం దాటినంక వచ్చింది. అలావ చుట్టు మాదిగలు, గొల్లలు, మేము అందరం కూసునేది. అది భక్తో సలిమంటో చెప్పుడు కష్టం. పీరును ఎత్తుకున్నాయన ఎల్లమ్మకు బోనం కూడ ఎత్తిండు. మా పండుగలన్నీ ఇట్ల కదిలి కదిలి సలికాలం మీదికి వచ్చి పోయినయి. సలి కదలలే, దూది కదలలే.

సినిమా కూడ ఒక ఎళ్లిపోవుడే. 1984 ఆఖర్ల ఎన్టీఆర్ తీసిన వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర వచ్చింది. సిద్ధయ్య వేషం బాలకృష్ణ వేసిండు. మా వాడకట్టు వాడకట్టే టాకీసుకు పోయింది, ముసలోళ్లతోని సహా. తెర మీద మా కులం పేరు గౌరవంగ పలుకుతుంటే విన్నది అదే మొదలు. కొన్ని రోజులు ఊర్లల్ల మా పోరగాండ్లను దూదేకులోడా అనుడు బంద్ చేసి సిద్దయ్యా అని పిలిచిండ్రు. సినిమా ఎత్తేసినంక మళ్ల మామూలే.

అదే ఊర్లల్ల 1992 డిసెంబర్‌ల మా పేరు అడిగిండ్రు. అంతకుముందు ఎవరూ అడగలే. దూదేకులాయన వచ్చిండు అంటే సరిపోయేది. బాబ్రీ మసీదు కూల్చింది డిసెంబర్ 6న. అంటే మా పని జోరుమీదున్న రోజుల్ల. మా దిక్కున లొల్లి కాలేదు, ఎవరూ మా మీద చేయెత్తలే. కానీ అరుగు మీద పట్టా పరిచి కూసున్నంక, ఎనకటి నుంచి ఎరుకున్న రైతే, మీరు తుర్కలేనా అని అడిగిండు. ఏం జెప్పాలె? ఔనంటే ఆయన మొఖం మారుతదేమో. కాదంటే మా నాయిన కబరుకు ఏం జెప్పాలె? మా మొగోళ్లు ఆ నెలంత తలొంచుకొని విల్లు కొట్టిండ్రు. దూది ఏకెటప్పుడు తలొంచుకునే కూసోవాలె గనుక ఎవరికీ తెల్వలే.

ఇటుదిక్కు కూడ ప్రశ్నలే. అన్నిరోజులు మమ్మల్ని సగం ముస్లింలని చూసినోళ్లు ఇప్పుడు మసీదుకు రమ్మన్నరు. నమాజు నేర్పిండ్రు. మంచిదే. పిల్లలకు చదువు చెప్పించుమన్నరు, అది ఇంకా మంచిది. కానీ పీర్లు ఎత్తొద్దన్నరు, కొత్తకొండకు పోవద్దన్నరు, అవ్వ కట్టుకున్న చీరెను ఎగాదిగ చూసిండ్రు. ఉర్దూ రాని ముస్లిం ముస్లిం కాదన్నట్టు మాట్లాడిండ్రు. ఒకదిక్కు తుర్కవా అని, ఇంకోదిక్కు తుర్కం రాదా అని. నిజాం రాజ్యంల మాకు జాగీరు లేదు, దఫ్తర్‌ల కుర్చీ లేదు. రాజ్యం పోయినంక మాత్రం రజాకార్ల వారసులమైనం. విసునూరు దొరతోని కోర్టుకెక్కి, గెలిచి, దొర గుండాల చేతుల చచ్చిన షేక్ బందగీ కూడ ముస్లిమే గదా అంటే, ఆయన వేరు అంటరు. ఎట్ల వేరు?

కాయితాల్ల కూడ ఇదే తిరకాసు. 1970ల వెనుకబడిన కులాల జాబితా వచ్చినప్పుడు దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాష్ పేర్లు బీసీ బి గ్రూపుల చేరినయి. మా చదువుకున్న మొదటి తరం ఆ సర్టిఫికెట్టుతోనే నౌకర్లు ఎక్కింది. దఫ్తర్‌ల కూసున్నోడు మాత్రం, ముస్లింవైతే బీసీవెట్లా, బీసీవైతే ముస్లింవెట్లా అని తిప్పిండు. 2007ల ముస్లింలల్లనే వెనుకబడ్డ 14 సమూహాలకు ఈ గ్రూపు కింద 4 శాతం ఇచ్చిండ్రు. అందుల సిద్దీలున్నరు, ఫకీర్లున్నరు, అత్తరు సాయిబులున్నరు, గారడి ముస్లింలున్నరు. సయ్యద్లు, మొఘళ్లు, పఠాన్లు లేరు. ముస్లింలల్ల కులం లేదని మైకుల చెప్పెటోళ్లకు సర్కారు కాయితమే జవాబు చెప్పింది. 1990ల ముస్లిం రచయితలు గొంతు విప్పినప్పుడు, ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ 1991ల, జల్‌జలా సంకలనం 1998ల వచ్చినప్పుడు, మాకు కడుపు నిండింది. ఆ గొంతుల మా విల్లు సప్పుడు కూడ కలవాలెనని ఈ నాలుగు మాటలు.

ఆ రోజుల్ల సలికాలం రాత్రులు వేరే భయం కూడ ఉండె. 1992ల పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చింది. పొద్దుగూకితే తొవ్వల మీద తనిఖీలు. గుడ్డ చుట్టిన విల్లు భుజాన చూసి ఎన్నిసార్లు ఆపిండ్రో లెక్కలేదు. విప్పి చూపించాలె. నరం మీటి చూపించాలె. ఒకసారి ఒకాయన నవ్వి, ఇంటికొచ్చి మా పరుపు ఏకిపోరాదు అన్నడు. పోయి ఏకినం. పైసలు ఇచ్చిండు, ఆ మాట కూడ చెప్పాలె గదా.

ఇగ 1998 జనవరి. ఆ ఏడు రంజాన్ నెల కొత్త సంవత్సరంతోనే మొదలై నెలాఖరుకు ముగిసింది. మూడు గంటలకు సహరికి లేవాలె. కట్టెలపొయ్యి మీద నీళ్లు కాగేది, జొన్నరొట్టె కాలేది. పిల్లలు బొంతల్లనే కూసొని నాలుగు ముద్దలు తిని మళ్ల ముడుచుకునేది. నమాజు అందరికి రాకున్నా ఒక్కపొద్దులు మాత్రం మా ఇండ్లల్ల అందరం పట్టినం. రోజా అనెటోళ్లం కాదు, ఒక్కపొద్దు అనే అన్నం. సలికాలపు రంజాన్ల పగలు చిన్నగ ఉంటది, దూప కాదు. కానీ నోట్లె దూది దుమ్ము పడితే నీళ్లు పుక్కిలించి ఊసుడే, మింగేది లేదు. సంక్రాంతి ఆ నెల నడుమ వచ్చింది. ఇండ్లల్ల సకినాలు చేసి పంపిండ్రు. పొద్దుగూకేదాక దాచిపెట్టి, ఖర్జూరంతోని ఒక్కపొద్దు విడిచి, సకినాలు తిన్నం. తర్వాతి ఏడు ఇంకా దగ్గరైంది. 1999ల సంక్రాంతి రంజాన్ చివరి పది రోజుల్ల పడ్డది. మేం సేమ్యా పంపిన గిన్నెలల్లనే వాళ్లు సకినాలు పెట్టి పంపిండ్రు.

ఆ 1998 జనవరిల ఊర్లు మాత్రం ఊర్ల తీర్గ లేవు. పత్తి పోయింది. వానలు అదునుగాని అదునుల కొట్టినయి. పొగాకు లద్దె పురుగు, పచ్చ పురుగు చేన్లను తినేసినయి. ఎన్ని మందులు కొట్టినా చావలే. మందులల్ల కల్తీ, అప్పులు మందుల దుకాణంలనే, పత్తి అమ్మేది కూడ ఆయనకే. 1997 ఆఖరి నుంచి వరంగల్ జిల్లా అంతటా, దానికి ఆనుకున్న మా దిక్కున కూడ, రైతులు ఆ మందే తాగి సచ్చిపోయిండ్రు. వందల మంది. పేపర్ల నిండ అవే వార్తలు. ఎనకటి దేశవాళీ పత్తి వానకు ఓర్చుకునేది, పింజ పొట్టిదైనా పురుగు తక్కువ. 1970ల సూరత్‌ల పుట్టిన హైబ్రిడ్ నాలుగు తర్వాత హైబ్రిడ్ల కాలం మొదలైంది. దిగుబడి పెరిగింది, మందు పెరిగింది, అప్పు పెరిగింది. 2002ల బీటీ పత్తికి అనుమతి ఇచ్చిండ్రు. అప్పుడు కూడ పురుగు పోతదనే చెప్పిండ్రు.

మేం ఏటా పోయే ఒక ఇల్లుండె. ఊరి పేరు, మనిషి పేరు రాయం. ఆ సలికాలం పోయెవరకు ఆయన లేడు. అర్రల కౌడి పత్తి కుప్పబోసి ఉంది, రంగుమారి, పురుగు కొట్టి. ఏ సేటూ కొనడు. ఆమె అన్నది: అమ్మబోతే బండి కిరాయి రాదు గద కాకా, పిలగాండ్లకు రెండు రజాయిలన్న కుట్టియ్యి. ఆ దూదిని ఏకుడు మా నాయిన చేసిన పనులల్ల కష్టమైన పని. పింజ విడువదు, నరానికి అతుకుతది. మందు వాసన పోలేదు. రెండు రోజులు ఏకిండు, మా చిన్నమ్మ అక్కడనే కూసొని కుట్టింది. నీళ్లన్న తాగుండ్రి అని ఆమె, ఒక్కపొద్దున్నమమ్మా అని మేము. రెండో రోజు పొద్దుగూకెవరకు ఆమె బెల్లం, పుట్నాలు తెచ్చిపెట్టి, మీ ఒక్కపొద్దు ఎప్పుడు విడుస్తరో నాకేం తెలుసు, మీరే చూసుకోండ్రి అన్నది. కూలి వద్దంటే వినలే. రెండు కుంచాల జొన్నలు పోసింది. ఆ ఏడు మా ఇంట్ల పండుగకు సేమ్యా కొనుక్కున్నది ఆ జొన్నలు అమ్మే.

రైతు చచ్చిపోయిన లెక్క ఎక్కడో ఒకకాడ ఉంది, తక్కువో ఎక్కువో. పత్తి పోయినప్పుడు దాని ఎనుక బతికే ఏకెటోని లెక్క ఎక్కడా లేదు. ఆ తర్వాత నాలుగైదు ఏండ్లల్లనే మా పని అడుగంటింది. పానిపట్ దుప్పట్లు వచ్చినయి, ఫోము పరుపులు వచ్చినయి. కరెంటు మిషన్ల దూది ఏకితే గంటల పని నిమిషాలల్ల అయిపోయింది. ఉత్తరాది నుంచి సలికాలం దినాలల్ల పిలగాండ్లు వచ్చి, రోడ్డు పక్కన పట్టా పరిచి, మిషన్‌తోని ఏకి రజాయిలు అమ్ముడు మొదలుపెట్టిండ్రు. మా బువ్వ గుంజుకున్నరని మొదట కోపమొచ్చింది. మాట కలిపితే మేం మన్సూరీలమన్నరు. వాళ్లకు తెలుగు రాదు, మాకు ఉర్దూ రాదు. దబ్బనం చూపించి, విల్లు చూపించి మాట్లాడుకున్నం. మా నాయిన విల్లు నరం మీటి చూపిస్తే ఆ పిలగాడు రెండు చేతులతోని ముట్టి కండ్లకద్దుకున్నడు. వాళ్ల తాతది కూడ ఇట్లనే ఉంటదట.

మా తరంల కొందరు గల్ఫ్ పోయిండ్రు, కొందరు భీవండి పోయిండ్రు, కొందరం సర్టిఫికెట్టు పట్టుకొని నౌకర్లల్ల చేరినం. రంజాన్ ఎండాకాలం మీదికి పోయి, మళ్ల తిరిగి సలికాలం దిక్కు వస్తున్నది. ముప్పై రెండు ముప్పై మూడు ఏండ్లకు ఒకపారి సుట్టు తిరుగుతది. 2030ల జనవరిల ఒకపారి, డిసెంబర్‌ల ఒకపారి, ఒకటే సంవత్సరంల రెండుసార్లు రంజాన్ మొదలైతది. అప్పటికి మా ఇండ్లల్ల విల్లు పట్టెటోళ్లు ఉండరు. నాయినది అటక మీదనే ఉంది, నరం తెగిపోయింది. కొత్త నరం ఎక్కడ దొరుకుతదో కనుక్కోవాలె.

బొంతలు మాత్రం ఆగలేదు. బాలింత పక్కలకు, పసిపిల్లల కిందికి ఫోము పనికిరాదు. పాత నూలు చీరెల మెత్తదనమే కావాలె. పోయిన సలికాలం కూడ గౌండ్లోల్ల ఇంటి నుంచి నాలుగు చీరెలు, కోమటోల్ల ఇంటి నుంచి రెండు ధోతులు మా చిన్నమ్మ దగ్గరికి వచ్చినయి. ఆమెకు సూదిల దారం ఎక్కించను కండ్లు కనబడవు. మనుమరాలు ఎక్కించి ఇస్తది. డిగ్రీ చదువుతున్నది, నెత్తికి స్కార్ఫ్ కడతది, నానమ్మ చీరె కట్టుడు మీద జోకులేస్తది. దారం ఎక్కించుకుంట ఎక్కించుకుంట కుట్టుడు కూడ నేర్చుకున్నది. అంచు నుంచి లోపలికే కుడుతున్నది.